అడ్వాన్స్ ఇచ్చే ముందు: విశాఖలో మొదటి ఇల్లు కొనేవారికి

అందరికీ నమస్కారం.

ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది ఇప్పుడు అద్దె ఇంట్లో ఉంటూ, ఆదివారం వస్తే మధురవాడ వైపో కూర్మన్నపాలెం వైపో ఫ్లాట్లు చూసొస్తున్నవాళ్లే. ఏ ఏరియాలో కొనాలో నేను చెప్పను. ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత, దేనికి ఎన్ని రోజులు పడుతుంది అన్నదే ఈరోజు మాట.

మన ఊళ్లో మామూలుగా జరిగే వరస ఇది. ఇల్లు నచ్చుతుంది, అక్కడికక్కడే టోకెన్ అడ్వాన్స్ చేతులు మారుతుంది. మర్నాడు పంతులుగారు గృహప్రవేశానికి ముహూర్తం పెడతారు. ఆ తర్వాత బ్యాంకుకు వెళ్తారు. లాయరు అందరికంటే ఆఖరున గుర్తొస్తాడు. ఈ వరసను తలకిందులు చేస్తే దాదాపు సరైన వరస అవుతుంది.

ముందు డబ్బు. 60 లక్షల రీసేల్ ఫ్లాట్ అనుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల వరకు రుణమైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల రుణమైతే 80 శాతం, అంతకు మించితే 75 శాతం దాకా ఇవ్వొచ్చు. అంటే ఇక్కడ 48 లక్షలు బ్యాంకువి, 12 లక్షలు మీవి. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. అది ఇంకో నాలుగున్నర లక్షలు. బ్యాంకు ఈ ఖర్చును ఇంటి విలువలో కలపదు, మీ జేబులోంచే పోవాలి. ప్రాసెసింగ్ ఫీజు, లాయరు ఫీజు, కాస్త రంగులు, కొద్దిపాటి వుడ్‌వర్క్ కలిపితే 18 లక్షలు చేతిలో లేకుండా 60 లక్షల ఇంటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే 48 లక్షలకు నెల వాయిదా 41,650 దగ్గర తేలుతుంది.

కడుతున్న బిల్డింగ్‌లో తీసుకుంటే జీఎస్టీ 5 శాతం అదనం. ధర 45 లక్షలు, కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్లు దాటకపోతే 1 శాతమే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇల్లు నివాసానికి సిద్ధమని మునిసిపాలిటీ ఇచ్చే పత్రం) వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. ఇక, చేతి డబ్బు చాలక పర్సనల్ లోన్ తీసుకుని అడ్వాన్స్ కడితే ఏమవుతుందంటే, అది సిబిల్‌లో, అంటే మీ అప్పుల చిట్టాలో, కనిపిస్తుంది, హోమ్ లోన్ అర్హత ఆ మేరకు తగ్గుతుంది. 48 లక్షలు వస్తాయనుకున్నవాళ్లకు 42 దగ్గర ఆగిపోతే మిగతా ఆరు లక్షలు ఎక్కడినుంచి తెస్తారు? అందుకే ఇల్లు ఖాయం చేసుకునే ముందే బ్యాంకులో జీతం కాగితాలు ఇచ్చి, మీకు ఎంత వస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి.

రెండోది కాగితాలు. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, విశాఖ చిక్కులన్నీ ఇక్కడే ఉన్నాయి.

మొదట చూడాల్సింది 22ఏ జాబితా. ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్, సీలింగ్ మిగులు భూములు ఇందులో ఉంటాయి. ఉన్న సర్వే నంబరుకు రిజిస్ట్రేషన్ జరగదు. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల భూవివాదం సంగతి మీకు తెలిసిందే: అడివివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం. అక్కడ ఇళ్లున్నాయి, కరెంటుంది, పన్ను రసీదులున్నాయి. పన్ను రసీదు మాత్రం హక్కు పత్రం కాదు. ఊరి పేరు విని భయపడొద్దు, ధైర్యమూ పడొద్దు, సర్వే నంబరుతో వెతకండి.

తర్వాత ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్: ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల జాబితా. 30 ఏళ్లకు తీయించండి. ఇందులో ఒక మెలిక ఉంది. పాత లావాదేవీలు సర్వే నంబరు మీద, ఫ్లాట్ల అమ్మకాలు డోర్ నంబరు మీద నమోదై ఉంటాయి. డోర్ నంబరుతో మాత్రమే వెతికితే స్థలం మీద ఎప్పుడో పెట్టిన తాకట్టు బయటపడదు. రెండింటితోనూ తీయాలి. పైగా ఈసీలో రిజిస్టరైనవే కనిపిస్తాయి. వీలునామా, నోటరీ అగ్రిమెంటు, కోర్టు కేసు అందులో ఉండకపోవచ్చు. కేసుల కోసం ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో అమ్మేవారి పేరుతో, వాళ్ల నాన్నగారి పేరుతో కూడా చూడాలి.

మన దగ్గర అపార్ట్‌మెంట్లు ఎక్కువగా డెవలప్‌మెంట్‌కు ఇచ్చిన స్థలాల్లో లేచినవే. స్థలం ఒకరిది, కట్టింది ఇంకొకరు, ఫ్లాట్లు పంచుకుంటారు. మీరు చూస్తున్న 302 బిల్డర్ వాటాదా, స్థలం ఓనర్ వాటాదా? దానికి జవాబు నోటిమాటగా కాదు, వాటాల విభజన పత్రంలో ఆ ఫ్లాట్ నంబరు దగ్గర ఉండాలి. బిల్డర్ వాటా అయితే రిజిస్టరైన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్-కమ్-జీపీఏ (ఓనర్ తన తరఫున అమ్మే అధికారం బిల్డర్‌కు ఇచ్చిన ఒప్పందం) చూడండి. ఓనర్లలో ఒకరు ఈ మధ్యలో చనిపోయి ఉంటే వారసుల సంతకాల సంగతి లాయరు తేల్చాకే ముందుకు వెళ్లాలి. ఇంకో సంగతి: ప్లాన్ ఇచ్చేటప్పుడు నిర్మాణంలో 10 శాతాన్ని మునిసిపాలిటీ తన దగ్గర తనఖాగా ఉంచుకుంటుంది, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక విడుదల చేస్తుంది. ఆ పదిశాతంలో పడిన ఫ్లాట్ ఒక్కోసారి కాస్త చవగ్గా దొరుకుతుంది. ఎందుకు చవకో ఇప్పుడు తెలిసింది కదా.

స్థలం వాటా కూడా లెక్కేయండి. 500 గజాల్లో పది సమానమైన ఫ్లాట్లుంటే తలా 50 గజాలు రావాలి. మీ దస్తావేజులో 35 రాస్తుంటే మిగతా 15 ఎవరి పేరున ఉన్నాయో అడగాలి. రేపు బిల్డింగ్ పడగొట్టి కట్టే రోజున మీ చేతిలో మిగిలేది ఆ గజాలే.

ఇల్లు చూడ్డం గురించి క్లుప్తంగా. సముద్రానికి దగ్గరైతే ఉప్పుగాలి కడ్డీలను తినేస్తుంది. హాలు గోడ చూసి మురిసిపోకుండా బాల్కనీ శ్లాబు అడుగుభాగం, పిట్టగోడ మొదలు, డాబా మీద ట్యాంకు కింద చూడండి. తుప్పురంగు గీత, దాని వెంబడి సన్నటి పగులు కనిపిస్తే లోపల కడ్డీ ఉబ్బుతోందని అర్థం. పైన రంగు వేస్తే ఒక వానాకాలం దాకా కనబడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ ఫ్రేములు ఏ వైపువి ఊడాయో పాత బిల్డింగుల్లోవాళ్లకు గుర్తే, అడగండి. నీళ్ల సంగతి ఓనర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడగాలి: మే నెలలో ట్యాంకరు ఎన్ని రోజులకోసారి వస్తుంది?

ఇప్పుడు అడ్వాన్స్. సేల్ అగ్రిమెంట్‌లో రెండు వాక్యాలు లేకుండా సంతకం పెట్టొద్దు. బ్యాంకు లాయరు పరిశీలనలో కాగితాలు తేలకపోతే అడ్వాన్స్ పూర్తిగా, ఇన్ని రోజుల్లో వాపసు ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ గడువును అగ్రిమెంట్ తేదీ నుంచి కాకుండా, అమ్మేవారు అన్ని కాగితాలూ అప్పగించిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద నమోదైన ప్రాజెక్టులో బిల్డర్ మీ దగ్గర 10 శాతం కన్నా ఎక్కువ తీసుకోవాలంటే ముందు అగ్రిమెంట్ రిజిస్టర్ చేయాలి. ఇది చట్టం, బతిమాలి అడిగే విషయం కాదు.

రోజుల లెక్క ఇలా ఉంటుంది. ఈసీ, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), లాయరు అభిప్రాయం కలిపి రెండు వారాలు. బ్యాంకు లీగల్, వాల్యుయేషన్ ఇంకో రెండు మూడు వారాలు. అమ్మేవారికి ఆ ఇంటి మీదే లోన్ ఉంటే ఒరిజినల్స్ వాళ్ల బ్యాంకులో ఉంటాయి. అప్పు తీరాక 30 రోజుల్లో బ్యాంకు వాటిని తిరిగివ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున చెల్లించాలి. 2023 డిసెంబరు నుంచి ఉన్న నిబంధన ఇది. అయినా ఆ నెల రోజులు మీ లెక్కలో పెట్టుకోవాల్సిందే. మొత్తమ్మీద మూడు నెలలు. ముహూర్తం మాఘంలో కావాలంటే కార్తీకం దాటకుండా కాగితాలు మీ లాయరు చేతిలో ఉండాలి. ఆషాఢంలో, మూఢంలో మనవాళ్లు ఇల్లు కొనడానికి వెనకాడతారు. కాగితాలు చూసుకోవడానికీ బేరమాడడానికీ అంతకన్నా మంచి రోజులుండవు, అమ్మేవారికి మీరు తప్ప వేరే బేరం ఉండదు.

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవారికిచ్చే సొమ్ములో 1 శాతం టీడీఎస్ (అమ్మేవారి తరఫున ముందే మినహాయించే ఆదాయపు పన్ను) పట్టుకుని, ఆ నెల ముగిశాక 30 రోజుల్లో మీ పాన్ మీద కట్టాలి. మరిచిపోతే రోజుకు 200 లేటు ఫీజు. అమ్మేవారు విదేశాల్లో స్థిరపడినవారైతే ఈ 1 శాతం లెక్క చెల్లదు, పట్టుకోవాల్సింది చాలా ఎక్కువ. అక్కడ ఆడిటర్‌ని అడక్కుండా రూపాయి ఇవ్వొద్దు. పట్టుకోకుండా ఇచ్చేస్తే ఆ పన్ను మీ మెడకు చుట్టుకుంటుంది.

రిజిస్ట్రేషన్ ముందు రోజు డ్రాఫ్టు దస్తావేజు తెప్పించుకుని ఆధార్, పాన్ పక్కన పెట్టి చదవండి. మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒట్టి అక్షరంగా ఉంటాయి. హద్దులు నాలుగూ, గజాలూ, పార్కింగ్ నంబరూ చూడండి. పార్కింగ్ నోటిమాటతో ఇచ్చి దస్తావేజులో రాయని చోట్ల తర్వాత అసోసియేషన్ మీటింగుల్లో జరిగే గొడవలు మీరు వినే ఉంటారు. సంతకాలయ్యాక తప్పు దిద్దాలంటే సవరణ దస్తావేజు కావాలి, దానికి అమ్మినవారు మళ్లీ రావాలి.

తాళాలు తీసుకున్న వారంలోనే జీవీఎంసీ పన్ను రికార్డులో, ఈపీడీసీఎల్ కరెంటు సర్వీసులో పేరు మార్పుకు పెట్టండి. అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న లెటర్ అమ్మినవారి చేతే తెప్పించాలి, డబ్బంతా ముట్టాక వాళ్లు ఫోను ఎత్తరు.

ఇక ప్రశ్నలు. దస్తావేజు జిరాక్సులు వెంట తెచ్చుకున్నవాళ్లు ముందు రండి.