బాక్సర్ ఒకడే, జీవితచరిత్రలు మూడు

(విజయనగరంలోని ఓ కేబుల్ ఛానల్ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. రిటైరైన బాక్సింగ్ కోచ్, డిగ్రీ కాలేజీ తెలుగు లెక్చరర్, ఆన్‌లైన్‌లో వ్యాసాలు దిద్దే ఓ కుర్రాడు, ఓ లాయర్ పాల్గొన్నారు. బాక్సర్ వద్దన్నందువల్ల అతని పేరు ఎక్కడా చెప్పలేదు.)

యాంకర్: నమస్కారం. రాజాం అవతల ఓ పల్లెలో పుట్టిన బాక్సర్ జీవితచరిత్ర ఇంటర్నెట్‌లో ఉంది. నేను రాశానంటే నేను రాశానని ఇద్దరు, అందులో ఉన్నది తప్పని నలుగురు. మాస్టారూ, మీతోనే మొదలుపెడదాం. ఆ వ్యాసం మీదేనా?

లెక్చరర్: నాదేనమ్మా. జిల్లా పోటీలప్పుడు సావనీర్ వేస్తూ నన్ను రాయమన్నారు. వాళ్లింటికి రెండుసార్లు వెళ్లాను. తండ్రి జూట్ మిల్లు కార్మికుడు. మిల్లు లాకౌట్ పడిన నెలల్లో గుడ్లు కొనలేక ఉలవలు ఉడకబెట్టి పెట్టేదాన్నని వాళ్లమ్మ చెప్పింది. నాలుగు పేజీలు రాశాను. ఇప్పుడు నెట్‌లో చూస్తే పొల్లుపోకుండా అదే ఉంది. కింద మాత్రం వేరే ఆయన పేరు.

యాంకర్: ఆయన్నీ పిలిచాం, రాలేదు. తాను సొంతంగా సేకరించానని ఫోన్లో అన్నారు.

లెక్చరర్: సేకరించే ఉంటారు. కానీ మా సావనీర్‌లో ఓ అచ్చుతప్పు పడింది. ‘పంచింగ్ బ్యాగ్’ కాస్తా ‘పంచింగ్ బ్యాంగ్’ అయింది. ఆయన సేకరణలోనూ అది బ్యాంగే!

(నవ్వులు)

లాయర్: ఆ సావనీర్ కాపీ ఒకటి భద్రంగా దాచుకోండి. కేసంటూ వేస్తే ఆ సున్నాయే మీకు పెద్ద సాక్షి.

కోచ్: పేరు సంగతి మీరూ మీరూ తేల్చుకుందురు గానీ, అందులో రాసింది నిజమా కాదా అది చూడండి ముందు. ముప్పై నాకౌట్లట! ఏటి ముప్పై? అమెచ్యూర్ బాక్సింగ్‌లో మూడేసి నిమిషాల రౌండ్లు మూడు. చాలావరకు పాయింట్ల మీదే తేలిపోతుంది. మధ్యలో రిఫరీ ఆపేస్తే దాన్ని ఆర్‌ఎస్‌సీ అంటాం. ఎదుటోడు కాసుకోలేకపోతున్నాడనుకోండి, కనుబొమ్మ చిట్లిందనుకోండి, ఆపేస్తారు. బయటివాళ్లకి అదీ నాకౌటే. ఎదుటోడు రింగ్‌లోకే రాకపోతే వాకోవర్. ఈయన లెక్కలో అదీ నాకౌటే అయ్యుంటుంది.

లెక్చరర్: ముప్పై అని నేను రాయలేదండీ. ‘ఎన్నో బౌట్లలో ప్రత్యర్థులను మట్టికరిపించాడు’ అని రాశాను.

కోచ్: అదే చెప్తన్నాను మాస్టారూ. మీరు ‘ఎన్నో’ అని వదిలేస్తే ఇంకోడెవడో వచ్చి అంకె వేస్తాడు.

యాంకర్: మెడల్స్ సంగతేంటి కోచ్ గారూ? రాష్ట్రస్థాయి కాంస్యం ‘హోరాహోరీ పోరులో’ వచ్చిందని ఉంది.

కోచ్: (నవ్వుతూ) ఆ మాటకి మా గుంటడే నవ్వుతాడమ్మా. బాక్సింగ్‌లో సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. మూడో స్థానానికి మళ్లీ బౌట్ ఉండదు. ఇప్పుడు ఓ వెయిట్‌లో ఐదుగురే ఎంట్రీ ఇచ్చారనుకోండి. డ్రా తీస్తే ముగ్గురికి బై వస్తుంది. వాళ్లు ఒక్క గుద్దు గుద్దకుండానే సెమీస్‌లో ఉంటారు, మెడల్ ఖాయం. వాడి మొదటి కాంస్యం అలాంటిదే. సెమీస్‌లో రెండో రౌండ్‌లోనే ఆపేశారు. నేనే టవల్ భుజాన వేసి దించాను. అది దొంగ మెడల్ కాదు, రూల్ ప్రకారం వచ్చిందే. కానీ హోరాహోరీ ఎక్కడిది?

(కోచ్ సంచిలోంచి ఓ లాంగ్ నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టారు. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి ఉంది.)

కోచ్: ఇదిగో. తేదీ, ఊరు, ఆ రోజు తూకం, ఏ కార్నర్, ఫలితం. గెలిస్తే నీలం సిరా, ఓడితే ఎరుపు. మొత్తం నలభై ఒక్క బౌట్లు. నాకౌట్ ఒక్కటంటే ఒక్కటి.

యాంకర్: కెమెరా కాస్త దగ్గరికి... ఈ పేజీలో సిరా అంతా అలికిపోయింది?

కోచ్: 2014లో హుద్‌హుద్ తుఫానుకి తడిసింది. మా ఇంటి రేకులు లేచిపోయాయి ఆ రోజు. మూడు బౌట్ల ఫలితం కనబడదు. నాకు గుర్తున్నట్టే ఉంటుంది, రాద్దామని పెన్ను తీస్తే చెయ్యాడదు. ఖాళీగా వదిలేశాను.

యాంకర్: బాబూ, ఈ పుస్తకం చూపిస్తే నెట్‌లో సరిచేసేయొచ్చు కదా?

కుర్రాడు: చెప్తే కోచ్ గారికి కోపమొస్తుంది మేడమ్. వికీపీడియా లాంటి చోట ఇది చెల్లదు. ఎక్కడో అచ్చయి, ఎవరైనా వెళ్లి చూసుకోగలిగిన ఆధారం కావాలి. అమెరికన్ నవలాకారుడు ఫిలిప్ రాత్ 2012లో తన నవలకు ప్రేరణ ఎవరో తానే చెప్పినా, మీ మాట ఒక్కటే చాలదు, వేరే ఆధారం కావాలన్నారు. ఆయన బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది.

కోచ్: అంటే పేపర్లో తప్పు పడితే ఒప్పు, నా పుస్తకంలో ఒప్పుంటే తప్పు. బాగుంది!

కుర్రాడు: ఆ రూలు ఊరికే పుట్టలేదండీ. 2005లో జాన్ సీగెంథాలర్ అనే అమెరికన్ పాత్రికేయుడి గురించిన వికీపీడియా వ్యాసంలో, కెన్నెడీ హత్యలో ఆయనకు చేయి ఉందని అనుమానించినట్టు ఎవరో సరదాకి రాసేశారు. నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి బతికున్నవాళ్ల గురించి రాసేటప్పుడు రూల్స్ బిగించారు. కాకపోతే మీ కేసులో ఇంకో తిరకాసు ఉంది. ముప్పై నాకౌట్లని ముందు నెట్‌లో ఎవరో పెట్టారు. తర్వాత ఓ జిల్లా ఎడిషన్‌లో విలేకరి అదే అంకె వాడారు. ఇప్పుడు ఆ కటింగే తెచ్చి ‘ఇదిగో ఆధారం’ అంటున్నారు.

లాయర్: తన జేబులోంచి తానే అప్పు తీసుకున్నట్టు!

కుర్రాడు: పేపరే రిఫరీగా ఉన్న రోజులు కూడా ఉన్నాయండీ. న్యూయార్క్‌లో 1911లో ఫ్రాలీ చట్టమని వచ్చింది. బౌట్ జరపొచ్చు, కానీ చివరిదాకా సాగితే విజేతను ప్రకటించకూడదు. 1917 దాకా ఆ చట్టం ఉంది. మర్నాడు విలేకరులు ఎవరు గెలిచారని రాస్తే వాళ్లు గెలిచినట్టు. రెండు పేపర్లు రెండు రకాలుగా రాస్తే ఇద్దరూ గెలిచినట్టే! ఆ కాలం బాక్సర్ల రికార్డుల్లో అలాంటి ఫలితాలను ఇప్పటికీ వేరుగా చూపిస్తారు.

యాంకర్: ఓ కాల్ వచ్చింది, తీసుకుందాం. చెప్పండి సార్.

కాలర్: నమస్తే అమ్మా. ఆ బాక్సర్‌కి మేనమామని. నెట్‌లో వాడి పుట్టిన తేదీ మార్చింది నేనే. టెన్త్ సర్టిఫికెట్లో ఉన్నదే పెట్టాను. అది తప్పేటి?

కోచ్: బావగారూ, బడిలో వేసినప్పుడు మాస్టారు రాసుకున్న తేదీ కదా అది. జూన్ ఒకటి!

కాలర్: జూన్ ఒకటైతే ఏటండీ? సర్కారు కాగితం అది. రేపు ఉద్యోగం ఇచ్చేవాళ్లు అదే చూస్తారు. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి ఉంటే వాడికి టెన్షన్ కాదా? ఇంకోటమ్మా, జిల్లా శ్రీకాకుళం అనే ఉంచమనండి. వాడు పుట్టినప్పుడు మాది ఆ జిల్లాయే.

(కాల్ కట్ అయింది.)

యాంకర్: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు రాజాం మన విజయనగరంలోకి వచ్చింది. అందుకే ఈ పేచీ కూడా.

కుర్రాడు: దానికి సులువైన దారి ఉంది. ‘అప్పటి శ్రీకాకుళం జిల్లా, ఇప్పటి విజయనగరం జిల్లా’ అని రాస్తే సరి. వారానికోసారి ఎవరో ఒకరు సగం చెరిపేస్తున్నారు, అదీ బాధ.

లెక్చరర్: కోడి రామమూర్తి నాయుడు గారిదీ అదే కథ. ఆయన పుట్టిన వీరఘట్టం నిన్నటిదాకా శ్రీకాకుళం, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. పుట్టిన సంవత్సరం 1882 అని కొన్ని చోట్ల, 1883 అని కొన్ని చోట్ల. అంతటి మల్లయోధుడికే అలా ఉంటే ఈ అబ్బాయి ఎంత!

కుర్రాడు: బాక్సర్లలో ఆర్చీ మూర్ ఉన్నాడు. తాను 1916లో పుట్టానన్నాడు, వాళ్లమ్మ 1913 అంది. సోనీ లిస్టన్‌కైతే నమ్మదగ్గ పుట్టిన తేదీయే లేదు. హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ ఆయన.

కోచ్: మన దగ్గర వయసు అంకె ఊరికే పోదు బాబూ. సబ్‌జూనియరా, జూనియరా, యూతా అన్నది దాని మీదే ఉంటుంది. ఒక్క ఏడాది తేడాతో ఎదుట నిలబడేవాడు మారిపోతాడు.

యాంకర్: లాయర్ గారూ, చట్టం ఏమంటుంది? మాస్టారికి హక్కు ఉందా?

లాయర్: ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవారికి జీవితాంతం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. సెక్షన్ 57 ఇంకా గట్టిది. హక్కులు అమ్మేసుకున్నా సరే, ఇది రాసింది నేనని చెప్పుకునే హక్కు మిగులుతుంది. కానీ విషయాల మీద ఎవరికీ హక్కు లేదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. ఉలవలు తిన్నాడన్నది మీ సొత్తు కాదు మాస్టారూ. దాన్ని మీరు చెప్పిన వాక్యం మీ సొత్తు.

యాంకర్: ఆ వ్యాసంలో అందరికీ గుర్తున్న వాక్యం ఒకటుంది. మొదటి గ్లోవ్స్ కొనడానికి వాళ్లమ్మ ముక్కుపుడక అమ్మేసిందని.

(లెక్చరర్ కాసేపు మాట్లాడలేదు.)

కోచ్: మొదటి గ్లోవ్స్ మా స్టోర్ రూములోవి. చిరిగితే గోనెసంచి దబ్బనంతో కుట్టాను. ముక్కుపుడక ఏటి?

లెక్చరర్: ...అది నేను కలిపిందేనండీ. ఆవిడ ముక్కు బోసిగా ఉంది ఆ రోజు. అడగడానికి మొహమాటపడ్డాను. ఇలా అయ్యుంటుందని రాసేశాను.

లాయర్: వ్యాసం మీదంటే ఆ వాక్యం కూడా మీదే మరి.

లెక్చరర్: నాదే. ఇప్పుడు కష్టమేమిటంటే, మొన్న ఓ స్కూల్ వార్షికోత్సవంలో ఆ అబ్బాయే స్టేజీ మీద ఆ కథ చెప్పాడు. కళ్లనీళ్లు పెట్టుకుని మరీ.

కుర్రాడు: మహమ్మద్ అలీ మెడల్ కథ గుర్తొస్తోంది. 1960 రోమ్ ఒలింపిక్స్ స్వర్ణాన్ని, హోటల్లో తిండి పెట్టం పొమ్మన్నారన్న కోపంతో ఒహాయో నదిలో విసిరేశాడని 1975లో వచ్చిన ఆత్మకథలో ఉంది. అది రిచర్డ్ డర్హమ్‌తో కలిసి రాసింది. తర్వాత అలీయే మెడల్ పోయిందని చెప్పాడు. 1996 అట్లాంటాలో వేరేది ఇచ్చారు. అయినా జనం నదినే నమ్ముతారు.

కోచ్: మా హాస్టల్లో పిల్లలకి నేనే చెప్పాను ఆ కథ. ఇరవై ఏళ్లు చెప్పాను!

యాంకర్: మరిప్పుడు ఏం చేద్దామంటారు మాస్టారూ?

లెక్చరర్: ముందు వాళ్లమ్మ దగ్గరికి వెళ్తాను. ముక్కుపుడక సంగతి ఇప్పుడైనా అడుగుతాను. ఆవిడ ఏం చెబితే అది, నా పేరుతోనే మళ్లీ వేస్తాను. నా తప్పు కూడా అందులోనే రాస్తాను. కోచ్ గారూ, ఆ నోట్‌బుక్ రెండు రోజులు ఇప్పిస్తే...

కోచ్: ఇవ్వను.

లెక్చరర్: జిరాక్స్ తీయించి తెచ్చిస్తానండీ.

కోచ్: ఫొటోలు తీసుకోండి. ఇక్కడే, నా ఎదురుగా. పేజీలు నేను తిప్పుతాను. తడిసిన పేజీ కూడా తీయండి, ఆ మూడు గళ్లలో మీరేమీ నింపకుండా ఉంటే చాలు.