పల్లకీలో పదిహేను నెలలు, హాస్టల్లో ఒక్క రోజు

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: పుస్తకాల పిచ్చి ఉన్న ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, తెలుగు అధ్యాపకురాలు, పుస్తకాల దుకాణం యజమాని.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ మధ్య చదివిన పుస్తకాల గురించి చెప్పమంటే మీరు 1838లో తొలిసారి అచ్చయిన పుస్తకం పట్టుకొచ్చారు!

రైల్వే ఉద్యోగి: అచ్చయింది అప్పుడేనండి, నేను చదివింది మొన్ననే. నా మటుకు నాకిది కొత్త పుస్తకమే. ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. ఇన్నేళ్లూ పేరు వింటూ వచ్చాను గానీ చేతిలోకి తీసుకోలేదు. తీసుకున్నాక కింద పెట్టలేదు.

వ్యాఖ్యాత: అంతగా ఏం నచ్చింది?

రైల్వే ఉద్యోగి: ఆయన చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీ, అంటే ఒకరి భాష ఇంకొకరికి మార్చి చెప్పే ఉద్యోగి. 1830 మే 18న పరివారంతో సహా బయల్దేరాడు. మే నెలండి! వారం తిరిగేసరికి రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండల్లో కడప దారి పట్టాడు. రైలు మాటే లేదు. మద్రాసులో మొదటి రైలు కూత వినబడేందుకు ఇంకా 26 ఏళ్లుంది. కాశీ, గయ చూసుకుని, పూరీ మీదుగా కోస్తా వెంట ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు 3. దారి పొడవునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి రాస్తూనే ఉన్నాడు. ఊళ్లో నీళ్లెలా ఉన్నాయి, దిగడానికి చోటుందా, అంగళ్లలో సరుకు దొరుకుతుందా, ముందున్న ఏరు దాటడమెలా... భక్తి పుస్తకమనుకుని తెరిస్తే డ్యూటీలో ఉన్న మనిషి రాసిన నివేదికలా ఉంది. ఉద్యోగంలో నేనూ నివేదికలు రాసినవాణ్ణే. ఉన్నది ఉన్నట్టు రాయడం ఎంత కష్టమో తెలుసు.

అధ్యాపకురాలు: నా పేచీ అక్కడేనండి. నివేదిక చదవడానికి సాహిత్యం దాకా రావడమెందుకు? అందులో మనిషి ఏడీ?

రైల్వే ఉద్యోగి: శ్రీశైలం ఘట్టం చూడమ్మా. కందనూరు, అంటే ఇప్పటి కర్నూలు నవాబు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసుకుంటాడు, గుడి బాగోగులు మాత్రం పట్టవు. ఆ సంగతి చెప్పేటప్పుడు వీరాస్వామయ్య గొంతు పెంచడు, శాపనార్థాలు పెట్టడు. చెప్పి ముందుకు వెళ్లిపోతాడు. చదివేవాడికి ఒళ్లు మండుతుంది. మనిషి అక్కడున్నాడు.

అధ్యాపకురాలు: ఉన్నాడు, పల్లకీలో ఉన్నాడు. ఆ పల్లకీ మోసిన బోయీలు రాసి ఉంటే అదే దారి మరోలా ఉండేది. మీరిందాక రోహిణి కార్తె అన్నారు. ఆ ఎండ సంగతి ఎవరు చెప్పాలి, కూర్చున్నవాడా, మోసినవాడా?

రైల్వే ఉద్యోగి: (నవ్వి) దానికి నా దగ్గర జవాబు లేదు. రాసింది ఆయనే, మనకు దక్కింది అదే.

దుకాణం యజమాని: దక్కడం కూడా తేలిగ్గా జరగలేదండి. దిగవల్లి వేంకట శివరావు గారు పూనుకుని 1941లో మళ్లీ అచ్చు వేయించారు. ఇప్పుడు నా దుకాణంలో దీన్ని అడిగేవాళ్లలో సగం మంది కాశీకి వెళ్లబోయేవాళ్లే. ఇందులో హోటళ్ల వివరాలు ఉండవండీ అని ముందే చెప్పి మరీ ఇస్తాను.

వ్యాఖ్యాత: మీ ప్రతి ఒకసారి కెమెరాకు చూపిస్తారా? పేజీల అంచుల నిండా ఏదో రాసి ఉంది.

రైల్వే ఉద్యోగి: ఇప్పటి ఊళ్ల పేర్లండి. నా ప్రతిలో పటం లేదు. అందుకని ప్రతి మజిలీ పక్కన పెన్సిలుతో రాసుకున్నాను. పోల్చుకోలేని చోట ప్రశ్నార్థకం పెట్టాను. నాగపూరు దాటాక అన్నీ ప్రశ్నార్థకాలే.

వ్యాఖ్యాత: దీని తర్వాత?

రైల్వే ఉద్యోగి: మొక్కపాటి నరసింహశాస్త్రి హాస్య నవల ‘బారిస్టరు పార్వతీశం’. చిన్నప్పుడు చదివిందే, మళ్లీ చదివాను. 1924లో వచ్చిన మొదటి భాగానికి ఇప్పటికీ తిరుగులేదు. తర్వాతి భాగాల్లో నవ్వు పలచబడింది, నిజం చెప్పాలి కదా. మొగల్తూరు కుర్రాడు నిడదవోలులో రైలెక్కి, మద్రాసులో ఆడవాళ్ల టోపీ కొని దర్జాగా నెత్తిన పెట్టుకుంటాడు. ఈ రెండూ వెంటవెంటనే చదవడంతో ఒకటి తట్టింది. వీరాస్వామయ్య దారిలో కనబడిన ప్రతిదాన్నీ పరీక్షగా చూస్తాడు. పార్వతీశం దగ్గరికి వచ్చేసరికి దారిలో ఉన్నవాళ్లంతా అతన్నే వింతగా చూస్తారు.

అధ్యాపకురాలు: బాగుంది. మరి నేనిచ్చిన పుస్తకం సంగతి?

రైల్వే ఉద్యోగి: వస్తున్నానమ్మా. నవీన్ నవల ‘అంపశయ్య’, 1969 నాటిది. పూర్తి చేశాను గానీ పళ్ల బిగువున చేశాను. ఉస్మానియాలో చదివే రవి అనే కుర్రాడి ఒక్క రోజు. లేచింది మొదలు రాత్రి దాకా బుర్రలో తిరిగేదంతా మన ముందు పోస్తాడు. మధ్యలో రెండుసార్లు మూసేశాను. పదిహేను నెలల ప్రయాణం హాయిగా చదివినవాణ్ణి, ఆ ఒక్క రోజు గడవక నానా అవస్థా పడ్డాను.

అధ్యాపకురాలు: గడవకపోవడమే కదండీ విషయం! పల్లెటూరి నుంచి వచ్చాడు, చేతిలో చిల్లిగవ్వ లేదు. రోజు గడవడం అతనికీ కష్టమే. మీకు హాయిగా ఉండేలా రాస్తే అది అబద్ధమయ్యేది.

రైల్వే ఉద్యోగి: డబ్బు బాధ దగ్గర మాత్రం కాదనలేను, అక్కడ నన్ను పట్టేసింది. ఆ పేజీలు ఎన్నిసార్లయినా చదువుతాను. మిగతా మథనంలో మూడో వంతు తగ్గించినా రవికి వచ్చే నష్టమేమీ లేదు.

అధ్యాపకురాలు: ఆ మూడో వంతు ఏదో చూపించండి, నేను కాదని నిరూపిస్తాను.

దుకాణం యజమాని: మీరిద్దరూ మా దుకాణానికి వచ్చి పోట్లాడుకోండి, నాలుగు ప్రతులు ఎక్కువ పోతాయి.

వ్యాఖ్యాత: సమయం దగ్గర పడింది. ‘కాశీయాత్ర’ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఏం చెబుతారు?

రైల్వే ఉద్యోగి: భాష చూసి బెదరవద్దు. వాక్యం మొదలైతే ఒక పట్టాన ఆగదు. పైకి చదవండి, అర్థమవుతుంది. పక్కన పటం పెట్టుకోండి. సృష్టి గురించీ మతాల గురించీ పెద్ద పెద్ద చర్చలు వస్తాయి, మొదటిసారి వాటిని దాటేయండి.

అధ్యాపకురాలు: దాటేయకండి. ఇందాక మనిషి ఏడీ అని అడిగాను చూడండి, కాస్తో కూస్తో దొరికేది ఆ చర్చల్లోనే.

రైల్వే ఉద్యోగి: సరే, రెండోసారి చదివేటప్పుడు.