చెవి కమ్మల దగ్గర దురద

శ్రోతలకు నమస్కారం.

ఇవాళ ఒక అమ్మాయి సంగతి చెబుతాను. కల్పించింది కాదు. వృత్తి వ్యాధుల మీద వచ్చే ఒక అమెరికా వైద్య పత్రికలో 2014లో డాక్టర్లు రాసిందే. ఆమెకు 26 ఏళ్లు. కెమిస్టు. పాలిమర్లు, పైపూతలు తయారుచేసే పని. ఎక్కువగా వెండి కణాల సిరాతో పనిచేసేది. ఒకరోజు ఆమె బల్ల మీదికి నికెల్ నానో పొడి, అంటే నికెల్ లోహాన్ని కంటికి కనిపించనంత చిన్న కణాలుగా చేసిన పొడి, వచ్చింది.

మామూలు బల్లే. గాలిని లాగేసే ఏర్పాటు లేదు, ముక్కుకు మాస్కు లేదు. మూత తీసి గ్రాము, రెండు గ్రాములు తూచుకునేది. అంతే పని.

గొంతులో గరగర మొదలైంది. ముక్కు దిబ్బడ. ముఖం ఎర్రబడటం. ఇంతవరకూ ఎవరైనా జలుబనే అనుకుంటారు, నేనైనా అదే అనుకుంటాను. అయితే ఇంకోటి కూడా మొదలైంది. చెవి కమ్మలు తగిలేచోట, బెల్టు బకిల్ ఒరుసుకునేచోట చర్మం రేగింది. అంతకుముందు అవి ఆమెను ఏమీ చెయ్యలేదు. కమ్మల్లో, బకిళ్లలో నికెల్ ఉండటం మామూలే. డాక్టర్లు ప్యాచ్ టెస్ట్, అంటే అనుమానమున్న పదార్థాన్ని చర్మానికి అంటించి చూసే పరీక్ష, చేస్తే నికెల్ అలర్జీ అని తేలింది. ఆ పొడి జోలికి వెళ్లకుండా అదే బిల్డింగులో వేరే చోట కూర్చోబెట్టినా బాధలు తిరగబెట్టాయి. గ్రాము, రెండు గ్రాముల పొడి, అంతే!

ఒంటిమీద నికెల్ అందరికీ ఉండేదే కదా, ఈ పొడి ప్రత్యేకత ఏమిటి అంటారా? అంతా సైజులోనే ఉంది. మీటరును 100 కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. ఒక సెంటీమీటరు ఘనం ఉందనుకోండి, దాని పైభాగమంతా కలిపితే 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల ఘనాలుగా కోస్తే పైభాగం 600 చదరపు మీటర్లు అవుతుంది. బరువు అంతే, శరీరాన్ని తాకే మేర మాత్రం అంత పెరిగింది. పైగా పెద్ద దుమ్మును ముక్కు, గొంతు చాలావరకు ఆపేస్తాయి. ఈ కణాలు ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా వెళ్లగలవు.

అందుకే ఒకే పదార్థానికి రెండు హద్దులు పెట్టాల్సి వచ్చింది. రంగుల్లో వాడే తెల్లటి టైటానియం డయాక్సైడు సంగతి చూడండి. పని చేసే చోట ఘనపు మీటరు గాలిలో 2.4 మిల్లీగ్రాములు మించొద్దని అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ 2011లో సూచించింది. అదే పొడి నానో సైజులో ఉంటే 0.3 మిల్లీగ్రాములే. కార్బన్ నానోట్యూబులకైతే, అంటే కార్బన్‌తో చేసిన అతి సన్నటి గొట్టాలకైతే, 1 మైక్రోగ్రామే, మిల్లీగ్రాములో వెయ్యో వంతు! వాటిలో పొడుగ్గా, బిరుసుగా ఉండే రకాలను మన రక్షక కణాలు పూర్తిగా మింగలేక అవస్థ పడతాయి. ఎలుకల్లో అది ఆస్‌బెస్టాస్ (ఊపిరితిత్తులను పాడుచేసే రాతినార) తరహా వాపు తెచ్చింది.

నానో అన్న మాట వినగానే కంగారు పడమని కాదు. ప్లాస్టిక్‌లో గట్టిగా ఇమిడిపోయిన కణం దాన్ని కోసేదాకా, అరగదీసేదాకా దాదాపు కదలదు. నా గోల అంతా పొడి పొడిగా ఉన్నదాని గురించే. పొడి పొడిగా ఉన్నప్పుడు మూత తీసే ఆ నిమిషం గురించే.

కాబట్టి ఇలాంటి పొడులతో పనిచేసేవాళ్లు ఒక్కటి అడగండి: ఈ మూత ఎక్కడ తీస్తున్నాం? బల్ల మీద అయితే వద్దు. చేతితొడుగులు బిగించిన మూసిన పెట్టెలోనో, గాలి లాగే హుడ్‌లోనో తియ్యాలి. హుడ్ గాలి మరీ జోరుగా ఉన్నా చిక్కే, సుడి లేచి పొడి బయటికొస్తుంది. కుదిరితే అసలు పొడిగా కాకుండా ద్రవంలో కలిపిన సరుకే తెప్పించమనండి. మాస్కు ఇవన్నీ అయ్యాక. కానీ చాలాచోట్ల ముందు మాస్కు చేతిలో పెట్టి పని కానిచ్చేస్తారు. అది నాకు నచ్చదు.

టైమ్ అయిపోవస్తోంది, చీపురు గురించి చెప్పి ముగిస్తాను. ఒలికిన పొడిని ఊడ్చొద్దు, గాలి పైపుతో ఊదొద్దు. తడి గుడ్డతో తుడవండి. ఆ గుడ్డను ఆరకముందే సంచిలో వేసి మూతి కట్టెయ్యండి. ఆరిందంటే మళ్లీ పొడే.

నమస్కారం.