పంట ఒకరిది, పరిహారం ఇంకొకరికి

(దివిసీమ ఉప్పెన సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన ఐదు నిమిషాలూ అక్కడే అయిపోతాయి. మన్నించండి.

1977 నవంబరు 19. దివిసీమలో ఈ తేదీ తెలియని ఇల్లు లేదు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి... ఐదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీద పడింది. తక్కువలో తక్కువ లెక్కే 10,000 ప్రాణాల దరిదాపులు. ప్రకృతి కన్నెర్ర చేసిందని ఏటా ఇదే మైకులో అంటాం. నాకా మాట మింగుడుపడదు. నీళ్లు అందరి మీదికీ వచ్చాయి. డాబా ఉన్నవాళ్లు పైకెక్కారు. తాటాకు గుడిసెలో వాళ్లు ఎక్కడికి ఎక్కాలండీ?

1990 మేలో మళ్లీ కృష్ణ సముద్రంలో కలిసే చోటే తుపాను తీరం దాటింది. జనాన్ని ముందే ఖాళీ చేయించారు. మృతులు 1,000 లోపే. ప్రాణాలు దక్కాయి, సంతోషం. ఆ తర్వాత బతికేదెట్లా?

అసలు నేనొచ్చింది కౌలు సంగతి చెప్పడానికే. మా పక్కింటాయన నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు. ఒక తుపానుకు కోసిన పనలు నీళ్లలో తేలాయి. కంకి తీసి చూపించాడు, గింజ గింజకూ తెల్లగా మొలక. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన మొదట అడిగింది, పాసుపుస్తకం ఎవరి పేరున ఉందని! డబ్బు హైదరాబాదులో ఉన్న యజమాని ఖాతాలో పడింది. ఫోన్ చేస్తే "చూద్దాంలే" అన్నాడట. కౌలు బస్తాలు మాత్రం కొలవాల్సిందే. ఎరువుల కొట్టులో అప్పు, కూతురి దుద్దులు తాకట్టులో. ఇంక ఇంటికప్పు ఏం పెట్టి మారుస్తాడు? తర్వాతి గాలివాన కూడా ఆ కప్పు కిందే.

చీటీ పంపారు, టైమ్ అయిందని. ఒక్క నిమిషం అధ్యక్షా.

2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఇచ్చే సాగుదారు కార్డు ఉంటే పంట నష్టం, బీమా కౌలుదారుకే. కానీ కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. అక్కడే ఆగిపోతోంది. ముందు వరుసలో పొలాలున్నవాళ్లు చాలామందే ఉన్నారు, మిమ్మల్నే అడుగుతున్నా. సంతకం పెడితే భూమి పోతుందని టెన్షనా? అది 11 నెలల ఒప్పందం, పట్టా మీ పేరునే ఉంటుంది. వచ్చే సార్వా, అదే ఖరీఫ్, నాట్లలోగా సంతకం పెట్టండి. పెట్టనివాళ్లు మాత్రం వచ్చే నవంబరులో ఈ స్తూపానికి దండ తేవద్దు.