బీరువా తాళంచెవి

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న సిస్టర్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలనే ఉంది, కానీ నాకిచ్చినవి పది నిమిషాలు. పైగా మీలో సగంమంది నైట్ డ్యూటీ దిగి ఇటే వచ్చారని కళ్లు చెబుతున్నాయి.

మన సిస్టర్ల ‘శిక్షణ అవసరాలు’ మీద మాట్లాడమన్నారని నాలుగు పేజీలు రాసుకొచ్చాను. అవి సంచిలోనే ఉండనివ్వండి. ఒక పాప సంగతి చెబుతాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, అర్ధరాత్రి కాన్పు. పాప ఏడవలేదు. తుడిచాను, వీపు రుద్దాను. ఊహూఁ. నిమిషంలోపు అంబూ బ్యాగ్‌తో, అంటే మాస్కు తగిలించి చేత్తో నొక్కే గాలి సంచితో, ఊపిరి ఇవ్వాలి, నిమిషానికి 40 నుంచి 60 సార్లు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. బ్యాగేమో బీరువాలో, తాళంచెవి ఇంకెవరి దగ్గరో! దొరికాక నొక్కుతుంటే గాలంతా మాస్కు పక్కనుంచి బుస్సుమని పోతోంది, ఛాతీ లేవదు. ఇంతలో ఒక పెద్ద సిస్టర్ వచ్చి నన్ను పక్కకు నెట్టింది. పాప తల కాస్త వెనక్కి వంచి, రెండు వేళ్లతో మాస్కు అదిమి, మూడో వేలితో దవడ పైకెత్తింది. ఛాతీ లేచింది. పాప బతికింది.

ఆ రాత్రి ఆవిడ సెలవులో ఉండుంటే? అడుగుతున్నాను, చెప్పండి.

కాన్పు తర్వాత రక్తస్రావం సంగతీ అంతే. మొన్నొక తరగతిలో అరలీటరు రంగునీళ్లు దుప్పటి మీద ఒంపి, ఎంత పోయిందన్నాను. సీనియర్లే ‘రెండొందలు’ అన్నారు. 500 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదమని అందరికీ కంఠతా వచ్చు, కంటికే ఆనదు. 2023లో వెలువడిన ఇ-మోటివ్ అధ్యయనంలో తల్లి కింద కొలత గీతల సంచి పరిచి కొలిచారు. హద్దు దాటగానే గర్భాశయ మర్దన, గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్, రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా ఇచ్చారు. తీవ్ర రక్తస్రావం, దానికి పొట్ట కోయాల్సి రావడం, మరణం మూడూ కలిపి లెక్కేస్తే 60 శాతం తగ్గాయి. కొత్త మందేమీ లేదండీ అందులో!

అయ్యా, సంతకాలు పెట్టే పెద్దలారా, రెండ్రోజుల తరగతి, గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్ ఇక చాలు. సాధన చేసే పాప బొమ్మను లేబర్ రూములోనే పెట్టించండి. డ్యూటీ మారేటప్పుడు పది నిమిషాలు చేయించండి. ఆ బీరువా తాళం ముందు తీయించండి.

బొమ్మ తెచ్చాను. మూడో వరుసలో కునుకు తీస్తున్న చెల్లీ, నువ్వే, రామ్మా. మాస్కు పెట్టు. ఆ వేలు కాదు, దవడ కిందకి... ఆఁ, ఇప్పుడు నొక్కు.