లోన్ ఛార్జ్: స్కీము అమ్మినవాళ్లని వదిలేసి కాంట్రాక్టర్ల మెడ పట్టుకున్న పన్ను

నమస్తే అండి. ఈ రోజు బ్రిటన్‌లోని ఒక పన్ను గురించి మాట్లాడుకుందాం. దాని పేరు లోన్ ఛార్జ్, అంటే జీతం బదులు అప్పు పేరుతో ఇచ్చిన డబ్బు మీద వేసిన పన్ను. అక్కడ ఐటీ కాంట్రాక్టులు చేసే మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పేరు వింటే ఎందుకంత కంగారో, అసలు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్తాను.

2000 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో ఐఆర్35 అనే నిబంధన వచ్చింది. మీరు సొంత కంపెనీ పెట్టుకుని కాంట్రాక్టు చేస్తున్నా సరే, చేసే పని ఉద్యోగిలా ఉంటే ఉద్యోగిలాగే పన్ను కట్టాలి. ఎవరు దీని కిందికి వస్తారో తేల్చడం లాయర్లకే కష్టం. ఈ భయాన్ని పెట్టుబడిగా పెట్టుకుని కొన్ని సంస్థలు దిగాయి. మా అంబ్రెల్లా కంపెనీలో (కాంట్రాక్టర్లని తన ఉద్యోగులుగా చూపి జీతం ఇచ్చే మధ్య సంస్థ) చేరండి, లెక్కలన్నీ మేమే చూసుకుంటాం అన్నాయి. క్లయింటు ఇచ్చిన డబ్బు వాళ్లకి వెళ్తుంది. అందులోంచి కనీస వేతనం అంత చిన్న జీతం ఇస్తారు, దాని వరకే పన్ను పట్టుకుంటారు. మిగతా సొమ్ము ఐల్ ఆఫ్ మాన్ దీవి లాంటి, పన్ను తక్కువ ఉండే చోట ఉన్న ట్రస్టుకి పోతుంది, అక్కడి నుంచి మీ ఖాతాలోకి అప్పు పేరుతో వస్తుంది. అప్పు ఆదాయం కాదు కాబట్టి పన్ను లేదు. ఆ అప్పుని ఎవరూ తిరిగి అడగరని నోటిమాటగా భరోసా ఇచ్చేవాళ్లు.

అది జీతమే. అందులో నాకు అనుమానం లేదు. 2017 జూలైలో, ఆటగాళ్లకి ఇలాగే ట్రస్టు ద్వారా అప్పులు ఇప్పించిన రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్బు కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అయితే ఆ కేసులో పన్ను బాకీ పడింది జీతం ఇచ్చిన క్లబ్బు. ఆటగాళ్లు కాదు. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే కాంట్రాక్టర్ల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది.

ఇంకో సంగతి. 2004 నుంచి ఇలాంటి స్కీములు నడిపేవాళ్లు వాటి వివరాలు పన్నుల శాఖకి, అంటే హెచ్‌ఎంఆర్‌సీకి చెప్పాలి. చెప్తే ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు ఆమోదం కాదు. కానీ అమ్మేవాళ్లు దాన్నే ముద్రలా చూపించుకున్నారు. నర్సులు, సోషల్ వర్కర్లు, ఇంజనీర్లు కూడా ఇందులో చేరారు. కొందరికి పని ఇప్పించే ఏజెన్సీయే ఫలానా అంబ్రెల్లాలో చేరమని చెప్పింది. కొందరు ఆ అప్పుల సంగతి తమ పన్ను రిటర్నుల్లోనే రాశారు. ఏళ్ల తరబడి ఏ ప్రశ్నా రాలేదు.

2016 బడ్జెట్లో ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ లోన్ ఛార్జ్ ప్రకటించారు, 2017లో చట్టమైంది. 1999 ఏప్రిల్ 6 తర్వాత తీసుకున్న ఇలాంటి అప్పుల్లో 2019 ఏప్రిల్ 5 నాటికి తీరకుండా ఎంత ఉంటే అంతా ఆ ఒక్క ఏడాది ఆదాయమే అన్నారు. ఇది వెనక్కి వెళ్లి వేసే పన్ను కాదు, ముందున్న ఒక తేదీ నాటి బాకీ మీద వేసే పన్ను అని ప్రభుత్వం వాదించింది. నేను ఒప్పుకోను. తేదీ ముందుదే కావచ్చు, డబ్బు మాత్రం ఎప్పుడో సంపాదించి ఖర్చు పెట్టేసుకున్నది.

లెక్క చూడండి. ఏడాదికి 30,000 పౌండ్ల చొప్పున ఆరేళ్లు అప్పు రూపంలో తీసుకున్న మనిషి ఉన్నాడనుకుందాం. ఏ ఏడాదిది ఆ ఏడాది జీతంగా చూస్తే చాలావరకు 20 శాతం పన్నుతో పోయేది. అన్నీ ఒక్క ఏడాదిలో కుప్ప పోస్తే 1,80,000 పౌండ్లు. అప్పటి రేట్లలో 1,50,000 దాటిన భాగానికి 45 శాతం. లక్ష దాటితే అందరికీ ఉండే పన్ను మినహాయింపు కూడా కరిగిపోతుంది. పైగా ఇంత కట్టినా ఆ అప్పు కాగితం మీద అలాగే ఉంటుంది. కొన్ని ట్రస్టుల అప్పులు చేతులు మారి, అసలు కట్టమని కొత్తవాళ్లు నోటీసులు పంపారు.

దీని దెబ్బ సుమారు 50,000 మంది మీద పడుతుందని హెచ్‌ఎంఆర్‌సీ అంచనా వేసింది. ఈ పన్ను పరిధిలో ఉన్న పది మంది ఆత్మహత్యల విషయం స్వయంగా ఆ శాఖే స్వతంత్ర విచారణ సంస్థకి పంపింది. పది ఇళ్లండి.

2019 డిసెంబరులో, ప్రభుత్వ లెక్కల మాజీ ఆడిటర్ సర్ ఆమ్యాస్ మోర్స్ ఈ పన్నుపై చేసిన సమీక్ష వచ్చాక 2010 డిసెంబరు 9కి ముందు అప్పులని వదిలేశారు, మిగతా మొత్తాన్ని మూడేళ్లకి పంచుకోనిచ్చారు. ఊరటే, కానీ మిగిలినవాళ్లు మిగిలారు.

మన దేశంలో ఏం జరిగిందో చూడండి. వోడాఫోన్ అనే టెలికాం కంపెనీ పన్ను కేసులో 2012 జనవరిలో మన సుప్రీంకోర్టు ఆ కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. అదే ఏడాది ప్రభుత్వం చట్టాన్ని వెనక్కి వర్తించేలా మార్చింది. కంపెనీ అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లి 2020లో గెలిచింది, 2021లో మన పార్లమెంటు ఆ సవరణ వెనక్కి వర్తించకుండా చేసింది. వోడాఫోన్ బ్రిటన్ కంపెనీయే. అదే బ్రిటన్‌లో ఒక నర్సుకి, ఒక డెవలపర్‌కి వెళ్లడానికి అలాంటి తలుపే లేదు.

పన్ను నిపుణుడు రే మెకాన్ లోన్ ఛార్జ్‌పై చేసిన రెండో సమీక్ష 2025 నవంబరు బడ్జెట్‌తో పాటు బయటికి వచ్చింది. ప్రభుత్వం చాలా సిఫార్సులు ఒప్పుకుంది. ఎక్కువమందికి బాకీ సగానికి పైగా తగ్గొచ్చు అంటున్నారు. మంచిదే. కానీ భయపడి ముందే ఇల్లు అమ్మి, పింఛను పొదుపు తీసి మొత్తం కట్టేసినవాళ్లు ఆ సమీక్ష పరిధిలోనే లేరు. మాట విని కట్టినవాళ్లకే అన్యాయం చేసిన పద్ధతి ఇది. వాళ్లకీ అదే లెక్క వర్తింపజేయాలి.

ఇలాంటి స్కీములు ఇప్పటికీ అమ్ముతున్నారు, కాబట్టి అక్కడ కొత్తగా కాంట్రాక్టుకి వెళ్లేవాళ్లు వినండి. కాంట్రాక్టు సొమ్ములో 80, 85 శాతం చేతికి వస్తుందంటే అనుమానించండి. పేస్లిప్‌లో ఉన్న మొత్తం ఒకటి, ఖాతాలో పడేది ఇంకొకటి అయితే, లేదా అప్పు, అడ్వాన్స్ లాంటి పేరుతో వేరే చోటి నుంచి డబ్బు వస్తుంటే వెంటనే బయటికి రండి. 2026 ఏప్రిల్ నుంచి అంబ్రెల్లా పన్ను ఎగ్గొడితే ఏజెన్సీ కూడా బాధ్యత వహించేలా నిబంధన తెచ్చారు, అయినా దాన్ని నమ్ముకుని కూర్చోకండి. హెచ్‌ఎంఆర్‌సీ తన వెబ్‌సైట్లో ఇలాంటి స్కీముల జాబితా పేర్లతో సహా పెడుతోంది, సంతకం పెట్టే ముందు అందులో చూసుకోండి. సలహాకి మాత్రం ఆ స్కీము వాళ్లు చూపించిన అకౌంటెంటు దగ్గరికి కాదు, మీరు వెతుక్కున్న అకౌంటెంటు దగ్గరికి వెళ్లండి.