వైడ్ యాంగిల్ లెన్స్: 10 ఎంఎం కావాలా, 12 చాలా?

అందరికీ నమస్కారం. క్రాప్ సెన్సార్ కెమెరాకి, అంటే ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సార్ ఉన్నదానికి, వైడ్ యాంగిల్ లెన్స్ ఏది తీసుకోవాలి, దాని గురించే ఈ వీడియో. ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సార్) వాళ్లు కూడా ఉండండి, అంకెలు మారతాయంతే.

ముందు లెక్క చూసేద్దాం. లెన్స్ మీద ఎంఎంలో రాసి ఉండేది ఫోకల్ లెంగ్త్, అది తగ్గేకొద్దీ ఫ్రేమ్‌లోకి ఎక్కువ వస్తుంది. నికాన్, సోనీ, ఫ్యూజీ క్రాప్ బాడీల్లో ఫోకల్ లెంగ్త్‌ని 1.5తో, కెనాన్‌లో 1.6తో గుణించాలి. అంటే కెమెరాతో పాటు వచ్చే మీ కిట్ లెన్స్‌లోని 18 ఎంఎం, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 27 లేదా 29 అవుతుంది. ఎవరో 16 ఎంఎం సూపర్ వైడ్ అన్నారని కొన్నారనుకోండి, మీ బాడీ మీద అది 24 అయి కూర్చుంటుంది. మంచి లెన్సే కావచ్చు, కానీ కిట్ లెన్స్‌కీ దానికీ తేడా పెద్దగా తెలియదు. మీరు వెతకాల్సింది 10, 11, 12 దగ్గర.

"10కీ 12కీ తేడా రెండే కదా" అంటారు చాలామంది. 50 నుంచి 52కి వెళ్తే కనిపించే కోణం ఒక్క డిగ్రీ తగ్గుతుంది. అదే 10 నుంచి 12కి వస్తే, 1.5 క్రాప్‌లో 109 డిగ్రీలు కాస్తా 99 అయిపోతాయి. ఇరుకు గదిలో గోడకి వీపు ఆనించి తీస్తున్నప్పుడు ఇక వెనక్కి జరగడానికి ఉండదు, పక్క కిటికీ ఫ్రేమ్‌లోకి రావాలంటే ఆ పది డిగ్రీలే దిక్కు. ఇంటీరియర్స్ తీసేవాళ్లు 10కే వెళ్లండి.

ఇప్పుడు స్క్రీన్ మీద ఈ ఫొటో చూడండి. 10 ఎంఎంలో, నిలబడి తీసింది. కొండలు చిన్న గీతలా ఉన్నాయి, కింద సగం ఫ్రేమ్ ఉత్త నేల. ఇప్పుడు రెండోది. అదే చోటు, అదే లెన్స్. కూర్చుని, ఈ రాయికి జానెడు దూరంలో కెమెరా పెట్టాను. రాయి మీద పాచి, ఆ పగులులో ఇరుక్కున్న ఎండుటాకు చూశారా? అక్కడ మొదలైన చూపు నేరుగా కొండ దాకా వెళ్తుంది. వైడ్‌లో బలమంతా ఈ దగ్గరితనంలోనే ఉంది. అందుకే స్పెసిఫికేషన్లలో నేను ముందు చూసేది మినిమమ్ ఫోకస్ దూరం, అంటే ఎంత దగ్గర వస్తువు వరకు ఫోకస్ అవుతుందనేది. కెనాన్ ఈఎఫ్-ఎస్ 10-18కి అది 22 సెంటీమీటర్లు. ఈ దూరాన్ని సెన్సార్ నుంచి కొలుస్తారు, కాబట్టి లెన్స్ ముందు గ్లాసు నుంచి చూస్తే ఇంకా దగ్గరకి వెళ్లొచ్చు.

వైడ్‌లో తీసిన గ్రూప్ ఫొటోల్లో అంచున నిలబడ్డవాళ్ల మొహాలు సాగిపోతాయి. ఇంకో వైడ్ లెన్స్ పెట్టినా ఇది పోదు, ఎంత ఖరీదైనదైనా సరే. కాస్త వెనక్కి వచ్చి, మనుషుల్ని మధ్యలోకి జరపండి.

ఇక ఎఫ్ 2.8 టెన్షన్. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగు లోపలికి రానిస్తుంది. ల్యాండ్‌స్కేప్‌లు ట్రైపాడ్ మీద ఎఫ్ 8లో తీసేవాళ్లకి అది దండగ బరువు. ఆ కెనాన్ 10-18 ఎఫ్ 4.5తో మొదలవుతుంది, బరువు 240 గ్రాములే, స్టెబిలైజేషన్ (చేతి వణుకుని తగ్గించేది) కూడా ఉంది. టోకినా 11-16లో ఎఫ్ 2.8 వస్తుంది, కానీ అర కిలో పైనే, స్టెబిలైజేషన్ లేదు. నక్షత్రాలు తీసేవాళ్లయితే మాత్రం నేను టోకినా వైపే. చుక్కలు గీతల్లా సాగకుండా షటర్ ఎన్ని సెకన్లు తెరిచి ఉంచొచ్చో చూడటానికి ఒక పాత లెక్క ఉంది: 500ని ఫుల్ ఫ్రేమ్ లెక్కలోని ఫోకల్ లెంగ్త్‌తో భాగించడం. 11 ఎంఎం 1.5 క్రాప్‌లో 16.5 కాబట్టి దాదాపు 30 సెకన్లు వస్తుంది, కానీ ఇప్పటి సెన్సార్లలో 20 దాటకపోతేనే చుక్క చుక్కలా ఉంటుంది. ఆ కొద్ది టైమ్‌లో వెలుగు రావాలంటే 2.8 ఉండాల్సిందే.

ఫిల్టర్ల సంగతి: ముందు గ్లాసు బాగా ఉబ్బి ఉన్న లెన్స్‌లకి మామూలు ఫిల్టర్ బిగించలేరు. పోలరైజర్ (మెరుపులు తగ్గించి, ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్) అయితే, బిగించగలిగినా ఆకాశం ఒకవైపు ముదురుగా, ఇంకోవైపు లేతగా వస్తుంది. దాని మీద డబ్బు పెట్టకండి.

కొనే ముందు ఒక పని చేయండి. కిట్ లెన్స్‌తో తీసిన ఫొటోల వివరాల్లో ఫోకల్ లెంగ్త్ చూడండి. చాలావరకు 18 దగ్గరే ఉంటే ధైర్యంగా కొనండి. 35కీ 55కీ మధ్య ఉంటే మాత్రం ఆ డబ్బుతో మంచి ట్రైపాడో, 35 ఎంఎం ప్రైమో (జూమ్ లేని లెన్స్) తీసుకోండి.